మన విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ: ల్యాబ్ వచ్చింది, ప్రశ్న మాత్రం అరువుదే

సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు వినగానే తత్వశాస్త్రం గుర్తొస్తుంది. ఆయన మొదట్లో రాసిన పుస్తకాల్లో ఒకటి సైకాలజీ మీద అన్న సంగతి పెద్దగా ఎవరూ ఎత్తరు. మద్రాసులోని సైదాపేట టీచర్ల శిక్షణ కళాశాలలో ఉన్నప్పుడు తోటివాళ్లకు ఆయన చెప్పిన పాఠాలే 1912లో చిన్న ఇంగ్లిష్ పుస్తకంగా అచ్చయ్యాయి. తత్వశాస్త్రం చదివిన మనిషి సైకాలజీ పాఠాలు చెప్పడం ఆ రోజుల్లో వింతేమీ కాదు. కాలేజీల్లో సైకాలజీ అంటే తత్వశాస్త్రం బి.ఏ.లో ఒక భాగం, లేదంటే బడిపంతుళ్ల శిక్షణలో ఒక పేపరు. అంతకు మించి దానికి వేరే ఉనికి లేదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. 1931లో అదే రాధాకృష్ణన్ దానికి వైస్ ఛాన్సలర్‌గా వచ్చారు. సైకాలజీ పుస్తకం రాసిన మనిషే పగ్గాలు పట్టినా, అక్కడ ఆ సబ్జెక్టు సొంత శాఖగా నిలదొక్కుకోవడానికి 1960ల దాకా పట్టింది. ఈ ఆలస్యాన్ని ఒకరి అభిరుచికో అశ్రద్ధకో అంటగట్టలేం. ప్రాంతీయ విశ్వవిద్యాలయంలో కొత్త శాఖ తెరవాలంటే ప్రొఫెసర్ పోస్టుకు జీతం చూపించాలి, సామాను కొనడానికి గ్రాంటు తేవాలి, ఇది చదివితే ఏ ఉద్యోగం వస్తుందని తల్లిదండ్రులు అడిగితే జవాబు చెప్పాలి. కెమిస్ట్రీకీ కామర్స్‌కీ ఆ జవాబు తేలిగ్గా దొరికింది. సైకాలజీకి ఇప్పటికీ సరిగ్గా దొరకలేదు.

దేశంలో తొలి అడుగులు కలకత్తాలో పడ్డాయి. 1905 ప్రాంతంలో అక్కడి ఎం.ఏ.లో ప్రయోగాత్మక సైకాలజీని చేర్చేందుకు బ్రజేంద్రనాథ్ సీల్ సిలబస్ తయారుచేశారు. 1916లో విడి శాఖ ఏర్పడింది. దాన్ని నడిపిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా హార్వర్డ్‌లో హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ దగ్గర చదువుకున్నారు. మున్‌స్టర్‌బర్గ్ ఏమో జర్మనీలో విల్‌హెల్మ్ వుంట్ శిష్యుడు. 1879లో లైప్‌జిగ్‌లో తొలి సైకాలజీ ప్రయోగశాల పెట్టిన మనిషి ఆ వుంట్. గురుశిష్యుల వరసలో చూస్తే లైప్‌జిగ్‌కీ కలకత్తాకీ మధ్య ఉన్నది ఒక్క మనిషే. 1924లో మైసూరులో శాఖ మొదలైంది. అప్పుడు అక్కడి వైస్ ఛాన్సలర్ మళ్లీ బ్రజేంద్రనాథ్ సీలే. బాధ్యత అప్పగించింది ఎం.వి. గోపాలస్వామికి. ఆయన లండన్‌లో చార్ల్స్ స్పియర్‌మన్ శిష్యుడు. (1935లో మైసూరులో సొంతంగా రేడియో ప్రసారాలు మొదలుపెట్టిందీ ఈయనే. ఆకాశవాణి అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. సైకాలజీ శాఖాధిపతి ఖాతాలో ఇలాంటి ఘనత ఉండటం ముచ్చటే.) మద్రాసులో 1943లో జి.డి. బోయజ్ ఆధ్వర్యంలో శాఖ వచ్చింది.

కలకత్తా, మైసూరు కథల్లో తీరు ఒకటే. పేరున్న గురువు దగ్గర విదేశంలో చదివొచ్చిన మనిషి ఒకరు, ఆ మనిషిని నమ్మిన పెద్దాయన ఇంకొకరు, వాళ్లతోపాటు కొన్ని పరికరాలు. ఈ మూడింటిలో చివరిదాన్ని, అంటే పరికరాలను, కాస్త దగ్గరగా చూడాలి. తర్వాత జరిగిందంతా వాటిలోనే కనిపిస్తుంది.

సైకాలజీ ల్యాబ్ అంటే బీకర్లు, బర్నర్లు ఉండవు. అర్థంలేని అక్షరాల గుంపుల్ని ఒక్కొక్కటిగా చూపించే మెమరీ డ్రమ్, సెకనులో కొద్ది భాగం మాత్రం బొమ్మ చూపించే టాకిస్టోస్కోప్, చేతిని కనపడనివ్వకుండా అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించే పలక, స్టాప్‌వాచ్ ఉంటాయి. వీటన్నిటికంటే చవకైనదీ, ప్రతి శాఖలోనూ కనిపించేదీ ముల్లర్-లయర్ పలక. దాని మీద ఒక గీత, రెండు చివరలా లోపలికి మడిచిన బాణపు ములుకులు. దాని పక్కనే జరపగలిగే మరో గీత, దాని ములుకులు బయటికి తెరుచుకుని ఉంటాయి. ఈ ములుకుల వల్ల సమానమైన గీతలు కూడా ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా కనిపించి కంటిని మోసం చేస్తాయి. రెండు గీతలూ సమానంగా కనిపించేదాకా జరపమంటారు. జరిపి ఆపాక పలక వెనక్కి తిప్పితే స్కేలు ఉంటుంది. అక్కడ తేడా మిల్లీమీటర్లలో తేలిపోతుంది. ఒకసారి చిన్నది నుంచి పెద్దదానికి, ఒకసారి పెద్దది నుంచి చిన్నదానికి జరిపిస్తారు. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు పెడతారు. చెయ్యి జరిపే దిశ వల్లా, పలక ఉన్న వైపు వల్లా వచ్చే పొరపాట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలని ఈ ఏర్పాటు. ఆ అంకెల సగటు తీసి, అసలు పొడవు నుంచి తేడా కట్టి, రికార్డులో రాసి, సంతకం పెట్టించుకుంటే ప్రాక్టికల్ అయిపోయినట్టే.

చిత్రం ఏమిటంటే, ఈ భ్రమ మీద అతి ఆసక్తికరమైన పరిశీలనల్లో ఒకటి దక్షిణ భారతంలోనే జరిగింది. 1901-02లో డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ అనే ఇంగ్లిష్ వైద్యుడు నీలగిరుల్లోని తోడా జనం దగ్గర దీన్ని కొలిచి చూశాడు. ఇంగ్లండ్‌లో పరీక్షించిన వాళ్లకంటే తోడాలు తక్కువ మోసపోయారు. అరవై ఏళ్ల తర్వాత మార్షల్ సెగాల్, డొనాల్డ్ కాంప్‌బెల్, మెల్విల్ హెర్‌స్కోవిట్స్ ఈ ప్రశ్నను ఎన్నో సమాజాల్లో మళ్లీ అడిగి, 1966లో ఫలితాలు ప్రచురించారు. నిటారు గోడలు, చదరపు మూలల మధ్య పెరిగిన కళ్లు ఈ గీతల్ని ఒకలా చదువుతాయని, గుండ్రటి గుడిసెల్లో, బయలు నేలల్లో పెరిగిన కళ్లు మరోలా చదువుతాయని వాళ్ల వాదన. వాదన పూర్తిగా నిలిచిందా లేదా అన్నది వేరే సంగతి, దాని మీద గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. ప్రశ్న మాత్రం బంగారంలాంటిది.

ఇప్పుడు తెలుగు ప్రాంతం సంగతి చూడండి. అరకు లోయ నుంచి, నల్లమల నుంచి, గోదావరి లంకల నుంచి, హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చిన పిల్లలు ఏళ్ల తరబడి ఒకే పలక మీద ఒకే పద్ధతిలో ఈ కొలత తీస్తూ వచ్చారు. కావలసిన అంకెలన్నీ వాళ్ల రికార్డుల్లోనే పుట్టాయి. వాటిని పోగుచేసి, ఎవరు ఎక్కడ పెరిగారో పక్కన రాసుకుని ఉంటే, పైసా ఖర్చు లేకుండా రివర్స్ ప్రశ్నకు కొత్త జవాబు వచ్చేది. ప్రాక్టికల్ మార్కులు పడగానే రికార్డుల పని తీరిపోయేది. ప్రయోగం అన్న మాట ఇక్కడ ఎప్పుడో రుజువైన విషయాన్ని మళ్లీ చేసి చూపించడంగా స్థిరపడింది. పరికరం అందింది, పద్ధతీ అందింది, అయితే దాంతో తన చుట్టూ ఉన్న జనాన్ని అడగొచ్చన్న ఆలోచన సిలబస్‌లో ఎక్కలేదు. ప్రాంతీయ విశ్వవిద్యాలయాల్లో ఈ సబ్జెక్టు ఎదుగుదలను కొలవాలంటే శాఖల సంఖ్య, పీహెచ్‌డీల సంఖ్య కంటే ఇదే సరైన కొలత: ప్రశ్న ఎవరిది?

వాల్తేరుకు ఈ కొలత పెడితే వింత జవాబు వస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో శాఖను నిలబెట్టిన కోనేరు రామకృష్ణారావు తత్వశాస్త్రం నుంచి ఈ దారిలోకి వచ్చినవారు. 1960ల మొదట్లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ దగ్గర పనిచేశారు. రైన్ అంటే అతీంద్రియ జ్ఞానాన్ని పేకముక్కల్లాంటి కార్డులతో కొలవబోయిన మనిషి. 1960ల చివర్లో రామకృష్ణారావు తిరిగొచ్చి ఏర్పరచిన శాఖ, పేరులోనే పారాసైకాలజీని, అంటే ఇలాంటి అతీంద్రియ శక్తుల అధ్యయనాన్ని, చేర్చుకుంది. విశ్వవిద్యాలయ స్థాయిలో ఇలాంటి శాఖ ప్రపంచంలోనే అరుదు. మన దేశంలో అంతకుముందు రాజస్థాన్ విశ్వవిద్యాలయంలో హేమేంద్రనాథ్ బెనర్జీ నడిపిన విభాగం ఉండేది, ఎక్కువ కాలం సాగలేదు.

ఆ కార్డుల పరీక్ష ఎలా ఉంటుందంటే: పాతిక కార్డులు. వాటి మీద ఐదు గుర్తులు, వృత్తం, ప్లస్, అలలు, చదరం, నక్షత్రం. ఒక్కో గుర్తు ఐదుసార్లు. ఒకరు కార్డు చూస్తారు, తెర వెనక ఉన్న మరొకరు అదేమిటో చెప్పాలి. గుడ్డిగా చెప్పుకుంటూ పోయినా సగటున ఐదు సరిపోతాయి. ఎవరికైనా తొమ్మిది సరిపోయాయనుకోండి, చూసేవాళ్లు ఆశ్చర్యపోతారు. లెక్క వేస్తే, కేవలం అదృష్టం మీదే నూరుమందిలో నలుగురైదుగురికి తొమ్మిదో అంతకంటే ఎక్కువో వస్తాయి. ఆ నలుగురైదుగురిని మాత్రమే చూపిస్తే అద్భుతం, నూరుమందినీ చూపిస్తే మామూలు సంభావ్యత. ఈ తేడా తెలుసుకోవడమే పరిశోధనా పద్ధతిలో మొదటి పాఠం.

పారాసైకాలజీ చెప్పిన ఫలితాలను మిగతా శాస్త్ర ప్రపంచం ఒప్పుకోలేదు. వేరేవాళ్లు చేస్తే అవే ఫలితాలు రాకపోవడం ప్రధాన కారణం. ఒప్పుకోకపోవడం సబబే. అయితే ఒక మాట చెప్పుకోవాలి. అవతలివాళ్లు నమ్మరని ముందే తెలిసిన చోట లెక్కలు జాగ్రత్తగా కట్టక తప్పదు, తెర ఎక్కడ పెట్టారో, కార్డులు ఎవరు కలిపారో రాయక తప్పదు. మామూలు సైకాలజీకి ఆ ఒత్తిడి లేకపోయింది. పేరున్న సైకాలజీ పత్రికల్లో వచ్చిన 100 ప్రయోగాలను మళ్లీ చేసి చూసిన ఫలితాలు 2015లో బయటికొస్తే, మొదటిలాగే ఫలితం నిలిచినవి మూడో వంతుకు కాస్త పైన మాత్రమే. అనుమానం పారాసైకాలజీకే పరిమితం కావాల్సింది కాదని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

వాల్తేరు శాఖకు వచ్చిన పేరు నిజమైనదే. రామకృష్ణారావు అంతర్జాతీయ పారాసైకాలజీ సంఘానికి అధ్యక్షుడయ్యారు, 1980ల్లో తన విశ్వవిద్యాలయానికే వైస్ ఛాన్సలర్ అయ్యారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు, 2021లో కన్నుమూశారు. అయినా ఆ శాఖ ప్రపంచానికి తెలిసింది డ్యూక్‌లో పుట్టిన ప్రశ్న వల్ల. ఉత్తరాంధ్ర జనం బతుకులో పుట్టిన ప్రశ్న వల్ల కాదు. తర్వాతి కాలంలో ఆయన మొగ్గు యోగం, చైతన్యం వైపు మళ్లింది. 2002లో పాండిచ్చేరిలో సుమారు 160 మంది సైకాలజిస్టులు కలిసి భారతీయ సైకాలజీ కావాలంటూ ప్రకటన చేశారు. ఆ ధోరణికి ఆయన పెద్ద దిక్కుగా నిలిచారు.

భారతీయ సైకాలజీ అన్న ఈ కోరికకు రెండు దారులున్నాయి. ఒకటి గ్రంథాల దారి: యోగసూత్రాలు, ఉపనిషత్తులు, బౌద్ధ గ్రంథాల్లో మనసు గురించి ఏముందో వెలికితీయడం. రెండోది జనం దారి. అలహాబాద్‌లో దుర్గానంద సిన్హా ఈ రెండో దారి పట్టారు. పేదరికం పిల్లల చూపు మీద, జ్ఞాపకశక్తి మీద ఏం చేస్తుంది, పల్లె మారుతుంటే మనిషి ఎలా మారతాడు అన్నవి ఆయన ప్రశ్నలు. ప్రాంతీయ విశ్వవిద్యాలయాలు మొదటి దారికే ఎక్కువ మొగ్గడంలో సిద్ధాంతం ఎంతుందో ఖర్చూ అంతే ఉంది. గ్రంథాల దారికి లైబ్రరీ చాలు. జనం దారికి బస్సు ఛార్జీలు, ఇంటర్వ్యూలు చేసే కుర్రాళ్లకు స్టైపెండ్, రెండు మూడేళ్ల ఓపిక కావాలి. మూడింటిలో ఏదీ విశ్వవిద్యాలయం బడ్జెట్‌లో ఖాయంగా ఉండదు.

తిరుపతి ఇందుకు మంచి మినహాయింపు. 1954లో పుట్టిన శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పి.వి. రామమూర్తి, ఆయన సహచరులు ముసలితనాన్ని తమ అంశంగా పట్టుకున్నారు. వృద్ధాప్యంపై పరిశోధనకు ప్రత్యేక కేంద్రమే అక్కడ ఏర్పడింది. ఇప్పుడు ఇది మామూలుగా అనిపించవచ్చు. 1961 నాటికి దేశ జనాభాలో 60 దాటినవారు 6 శాతం కూడా లేరు. ఉమ్మడి కుటుంబం ఉండగా ముసలివాళ్లకేం కష్టం అన్నది అప్పటి సాధారణ అభిప్రాయం. 2011 జనాభా లెక్కల నాటికి వాళ్ల సంఖ్య 10 కోట్లు దాటి, వాటా 8.6 శాతమైంది. 2007లో తల్లిదండ్రుల పోషణ కోసం చట్టమే తేవాల్సి వచ్చింది. కొడుకు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, ఊళ్లో ఇద్దరే మిగిలిన ఇళ్లు రాయలసీమలో, కోస్తాలో ఎన్నో. ప్రభుత్వాలకు పట్టకముందే ఒక ప్రాంతీయ శాఖ ఈ సంగతిని అంశంగా తీసుకుందంటే, వాళ్లు గుమ్మం దాటి చూశారన్నమాట.

ముసలివాళ్ల దగ్గరికి వెళ్లగానే అరువు పరికరం పనికిరాదని వెంటనే తెలిసిపోతుంది. మతిమరుపు ఏ స్థాయిలో ఉందో చూడటానికి ప్రపంచమంతా వాడే చిన్న పరీక్ష ఒకటుంది, మొత్తం 30 మార్కులకు. అందులో నూటి నుంచి ఏడు చొప్పున తీసేస్తూ పొమ్మంటారు, ఒక వాక్యం రాయమంటారు, కాగితం మీద ఉన్నది చదివి అలా చేయమంటారు. బడికే వెళ్లని 70 ఏళ్ల అవ్వకు ఈ మూడింటిలోనూ సున్నా వస్తుంది. అవ్వ మతి మాత్రం దివ్యంగా ఉండొచ్చు. ఎవరి పొలం ఎంత, ఏ చిట్టీ ఎవరు పాడారు, అన్నీ నోటికి చెప్పేస్తుంది. 1990ల్లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో జరిగిన భారత-అమెరికా అధ్యయనం ఈ పరీక్షను చదువురాని హిందీ వాళ్లకు సరిపడేలా తిరగరాసింది. ఇలాంటి పని ప్రతి భాషలో, ప్రతి ప్రాంతంలో విడివిడిగా చేయాల్సిందే. పరీక్షను తిరగరాయడం ఒక్కటే సరిపోదు, ఆ ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఎన్ని మార్కులు వస్తాయో వందలమందిని పరీక్షించి తేల్చాలి. విసుగు పుట్టించే చాకిరీ ఇది, పెద్ద పత్రికల్లో పేరు రాదు. ప్రాంతీయ శాఖ తప్ప ఇంకెవరూ చేయరు కూడా.

అవకాశం ఎంత దగ్గరగా ఉందో హైదరాబాద్ చూపించింది. నిమ్స్ ఆస్పత్రిలో సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియాతో, అంటే మతిమరుపు జబ్బుతో, వచ్చిన 648 మంది వివరాలు చూసింది. ఒకే భాష వచ్చినవాళ్లతో పోలిస్తే రెండు అంతకుమించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువురానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. 2013లో వచ్చిన ఈ ఫలితం ప్రపంచమంతా చర్చకు వచ్చింది. అంతకుముందు ఇలాంటి అధ్యయనాలు వలస వచ్చినవాళ్లు ఎక్కువగా ఉన్న దేశాల్లో జరిగాయి. తేడా వచ్చింది రెండు భాషల వల్లనా, వలస వల్లనా, చదువు వల్లనా అని విడదీయడం అక్కడ కష్టం. తెలుగు, ఉర్దూ, హిందీ కలిసి బతికే హైదరాబాద్‌లో నిరక్షరాస్యుడు కూడా రెండు భాషలు అవలీలగా మాట్లాడతాడు కాబట్టే విడదీయడం కుదిరింది. ప్రశ్న పాతదే, జవాబు దొరికే చోటు మాత్రం ఇక్కడుంది. ఆ చోటును గుర్తించింది ఆస్పత్రిలోని న్యూరాలజీ విభాగం. సైకాలజీ శాఖలు ఈ సంగతి మీద కాస్త ఆలోచించుకోవాలి.

ఇక ఉద్యోగం ప్రశ్న. బెంగళూరులో 1954లో మొదలై తర్వాత నిమ్హాన్స్‌గా మారిన సంస్థ క్లినికల్ సైకాలజీ శిక్షణకు దారి వేసింది. ఆస్పత్రిలో, రోగుల మధ్య, సీనియర్ల పర్యవేక్షణలో నేర్చుకునే చదువు అది. 1992లో రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం వచ్చాక, క్లినికల్ సైకాలజిస్టుగా నమోదు కావాలంటే కౌన్సిల్ గుర్తించిన కోర్సు, సాధారణంగా రెండేళ్ల ఎం.ఫిల్., తప్పనిసరి అయింది. ఆ సీట్లు చాలా తక్కువ. అంటే విశ్వవిద్యాలయంలో రెండేళ్లు సైకాలజీ ఎం.ఏ.నో ఎం.ఎస్‌సీ.నో చదివిన విద్యార్థి చేతిలో డిగ్రీ ఉంటుంది, వృత్తి ఉండదు. ఎక్కువమంది స్కూలు కౌన్సెలర్లుగానో, కంపెనీల హెచ్ఆర్‌లోనో, పోటీ పరీక్షల్లో ఐచ్ఛిక సబ్జెక్టుతోనో సర్దుకున్నారు.

అవసరం మాత్రం ఈలోపు ఊహించనంత పెరిగింది. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల ఒత్తిడి గురించి తెలుగు ఇళ్లలో తెలియనివాళ్లు లేరు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నాక ప్రతి కాలేజీలో కౌన్సెలర్ ఉండాలన్న మాట గట్టిగా వినిపించింది. ఎవరిని కౌన్సెలర్ అనాలి? ఎన్ని గంటలు పర్యవేక్షణలో పనిచేసి ఉండాలి? ఈ ప్రశ్నలకు అప్పటికి చట్టంలో స్పష్టమైన జవాబు లేదు. ఆ ఖాళీలో దూరవిద్య ఎం.ఏ.లు జోరుగా సాగాయి. ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ, ల్యాబ్ గడప తొక్కకుండా, క్లయింట్ ముఖం చూడకుండా డిగ్రీ చేతికొచ్చేది. ప్రాంతీయ విశ్వవిద్యాలయాలకు దూరవిద్య ఫీజులు మంచి రాబడి, అందుకే దీని మీద గట్టిగా మాట్లాడినవాళ్లు తక్కువ.

2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం, క్లినికల్ కాని సైకాలజిస్టులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని యూజీసీ 2025 నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పొద్దని ఆదేశించింది. అటు కొత్త విద్యావిధానంతో ఎం.ఫిల్. డిగ్రీయే రద్దయింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా గడువిచ్చారు. దీంతో శాఖల మీద భారం ఒక్కసారిగా మారింది. విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, జిల్లా ఆస్పత్రికో బడికో పంపి, పక్కన నిలబడి నేర్పాలి. పోస్టులు భర్తీ కాక గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తున్న శాఖకు ఇది చిన్న పని కాదు. ఇద్దరు ముగ్గురు టీచర్లు ఉన్న చోట పర్యవేక్షణ అంటే మళ్లీ రికార్డులో సంతకమే అయ్యే ప్రమాదం ఉంది.

ఆస్పత్రులతో పొత్తు మాత్రం కొత్త సంగతి కాదు. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనప్పుడు తొలి విడతలో ఎంపికైన కొద్ది జిల్లాల్లో మెదక్ ఒకటి. అలాంటి బృందంలో సైకాలజిస్టుకు చోటుంది. దగ్గర్లోని విశ్వవిద్యాలయ శాఖకూ ఆ బృందానికీ నడుమ విద్యార్థులు రాకపోకలు సాగించే ఏర్పాటు అప్పుడే స్థిరపడి ఉంటే, ఈ పాటికి ఒక తరం శిక్షణ పొందిన మనుషులు తయారై ఉండేవారు. ఆస్పత్రి ఆరోగ్య శాఖది, విశ్వవిద్యాలయం విద్యాశాఖది. ఆ గీత దాటడానికి ఫైలు ఎవరు కదపాలన్న దగ్గరే ఇలాంటివి ఆగిపోతుంటాయి.

2015-16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో ఇంటింటికీ వెళ్లింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని అప్పుడు తేలిన అంకెను ఇప్పటికీ అందరూ చెబుతుంటారు. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. సర్వేకు వాడిన ప్రశ్నావళి, నమూనా ఎంచుకునే పద్ధతి అన్నీ ప్రచురితమైనవే. శ్రీకాకుళం కిడ్నీ జబ్బుల ఊళ్లలో దిగులు ఎంతుంది, అప్పుల్లో ఉన్న పత్తి రైతుల ఇళ్లలో నిద్ర ఎంతుంది, గల్ఫ్‌కు మగవాళ్లు వెళ్లిపోయిన కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో ఆడవాళ్ల మీద పడిన టెన్షన్ ఏ రూపంలో బయటపడుతోంది అని అడగడానికి ఢిల్లీ నుంచో బెంగళూరు నుంచో ఎవరూ రానక్కర్లేదు. ఎం.ఎస్‌సీ. రెండో ఏడాది డిసర్టేషన్లు ఏటా ఎలాగూ రాస్తున్నారు. ఒక శాఖలో పాతికమంది పాతిక వేర్వేరు టాపిక్కుల మీద, దగ్గర్లో దొరికిన కాలేజీ పిల్లలతోనే ప్రశ్నావళులు నింపించుకునే బదులు, అందరూ ఒకే ప్రశ్నను ఒకే జిల్లాలోని పాతిక ఊళ్లలో అడగొచ్చు. దానికి కొత్త పోస్టు అక్కర్లేదు, గ్రాంటు కూడా పెద్దగా అక్కర్లేదు. సిలబస్ తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశంలో ఒక తీర్మానం కావాలి.